ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సు: ఎత్తు, కళ్లద్దాలు, చేతిలో ప్లేటు అడ్డమా? రేడియేషన్ సంగతేంటి?

బైపీసీ_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు, లాంగ్ టర్మ్‌కి పంపే స్థోమత ఇంట్లో లేదు. రేడియాలజీ వైపు వెళ్దామని ఉంది. మా తాతయ్యకి తుంటి విరిగినప్పుడు ఎక్స్‌రే తీసిన అక్క ఆయనతో మాట్లాడుతూనే పని కానిచ్చేసింది. అప్పటి నుంచి ఈ పని మీద మనసు పడింది.

నా డౌట్లు ఇవి. నేను నాలుగడుగుల పది అంగుళాలు, 41 కిలోలు. పేషెంట్లను ఎత్తాలంటారు కదా, నా వల్ల అవుతుందా? ఎత్తు ఐదడుగులు ఉండాలని ఎవరో అన్నారు, నిజమేనా? కళ్లద్దాలు ఉన్నాయి, మైనస్ 3.5. ఏడో తరగతిలో చెయ్యి విరిగితే ప్లేటు వేశారు, అది ఇంకా లోపలే ఉంది. ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లొచ్చా? నాకు ఇంకా 17 ఏళ్లే, అదేమైనా అడ్డమా? డిప్లొమా చేయాలా, బీఎస్సీనా?

వీటన్నిటికంటే ఇంట్లో టెన్షన్ వేరే ఉంది. మా అత్తయ్య "ఆ పనిలో చేరితే పిల్లలు పుట్టరు, సంబంధాలు కూడా రావు" అని అమ్మ చెవిలో వేసింది. అమ్మ రెండు రోజులుగా సరిగా మాట్లాడటం లేదు.

ఇంకోటి. ఒక ప్రైవేటు కాలేజీ ఆయన ఫోన్ చేసి, ఎక్స్‌రేతో పాటు ఆరు నెలల్లో స్కానింగ్ కూడా నేర్పిస్తాం, సొంతంగా సెంటర్ పెట్టుకోవచ్చు అంటున్నాడు. చేరొచ్చా? ఈ లైన్లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

డార్క్‌రూమ్_పాతకాపు

అమ్మా, ముందు ఆ ఫోన్ కాల్ సంగతి. ఆయన మళ్లీ చేస్తే ఎత్తకు. మన దేశంలో అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయాల్సింది అర్హత ఉన్న డాక్టరు. లింగ నిర్ధారణను ఆపడానికి 1994లో తెచ్చిన పీఎన్‌డీటీ చట్టం ఉంది. సెంటర్‌కి రిజిస్ట్రేషన్, గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కీ ఫారం ఎఫ్, తప్పు చేస్తే జైలు. టెక్నీషియన్ ప్రోబ్ పట్టుకుని సొంత సెంటర్ నడుపుతానంటే కుదరదు. ఆ మాట తెలిసి కూడా నీకు అలా చెప్పాడంటే మిగతావి ఎంత నిజం చెబుతాడో నువ్వే ఆలోచించుకో.

ఇక ఎత్తు. ఈ కోర్సుకి ఇన్ని అంగుళాలు ఉండాలనే నిబంధన లేదు, అది పోలీసు సెలక్షన్ల గోల. చేరేటప్పుడు ఫిజికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు, డాక్టరు చూసి సంతకం పెడతారు, అంతే. మా డిపార్ట్‌మెంట్లో నీ అంత ఎత్తున్న అమ్మాయే ఉండేది. చెస్ట్ స్టాండ్ పక్కన ఆమె చెక్క స్టూలు ఒకటి పర్మనెంటుగా ఉండేది. ఆరడుగుల మనిషి వస్తే నేనూ ఆ స్టూలే ఎక్కేవాణ్ణి. పేషెంటు భుజం పైన ఫిల్మ్ రెండంగుళాలు మిగిలిందో లేదో కింద నుంచి చూస్తే తెలిసి చావదు.

కానీ కాగితం మీద లేని ఫిట్‌నెస్ ఒకటి ఉంది. నిలబడటం. పెద్దాసుపత్రిలో ఓపీ రోజున తొమ్మిదింటికి నిలబడితే మధ్యాహ్నం దాకా కూర్చునే వీలుండదు. ఒకరికి ఛాతీ, తర్వాతి వాళ్లకి మోకాలు, ఆ తర్వాత నడుము. ఒక్కోదానికీ కిరణం వచ్చే ట్యూబ్‌ని పైకీ కిందికీ జరపాలి. కొత్త మెషీన్లయితే వేలితో తోసినా కదులుతాయి. పాత స్టాండు మెషీన్లయితే లాక్ విప్పి లాగేసరికి భుజం పడిపోతుంది. రాత్రి డ్యూటీలో పోర్టబుల్ ఎక్స్‌రే మెషీన్‌ని ఐసీయూ దాకా తోసుకుపోవాలి, దానికి ఎప్పుడూ ఒక చక్రం మొరాయిస్తూనే ఉంటుంది.

పేషెంటును ఎవరూ ఒంటరిగా ఎత్తరు, ఎత్తకూడదు. స్ట్రెచర్‌ని టేబుల్‌కి ఆనించాలి, బ్రేకులు వేయాలి, రెండూ ఒకే ఎత్తుకి తేవాలి. కింద పరిచిన దుప్పటి అంచుల్ని పేషెంటు ఒంటి దగ్గరిదాకా చుట్టి గట్టిగా పట్టుకోవాలి. ఒకరు లెక్కపెడితే నలుగురూ ఒక్కసారే జరపాలి. వెన్నెముక దెబ్బ అనుమానం ఉంటే తల పట్టుకున్నవాళ్లు చెప్పినట్టే మిగతావాళ్లు కదలాలి. ఇందులో నీ 41 కిలోలతో పనిలేదు, మోకాళ్లు వంచుతున్నావా నడుము వంచుతున్నావా అన్నదే చూడాలి. మా బ్యాచ్‌లో రేడియేషన్ వల్ల మంచం పట్టినవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు. నడుముకి బెల్టు కట్టుకుని తిరిగేవాళ్లు మాత్రం కావలసినంత మంది. వార్డ్ బాయ్ వచ్చేదాకా ఆగలేక ఒక్కళ్లే లాగేసిన ఫలితం అది.

కళ్లద్దాలు ఉంటే ఏం కాదు. అద్దాలతో సరిగ్గా కనపడితే చాలు. రంగుల విషయంలోనూ ఎక్స్‌రేకి పెద్ద పేచీ లేదు, అంతా నలుపు తెలుపే. అయితే రైల్వేల్లాంటి చోట పోస్టుకొక మెడికల్ స్టాండర్డ్ ఉంటుంది. నోటిఫికేషన్లో బి1 అని ఉంటే రంగుల పరీక్ష కూడా పాసవ్వాలి, అద్దాల పవర్‌కీ హద్దు ఉంటుంది. అప్లై చేసే రోజున ఆ కాలమ్ చూసుకో.

చేతిలో ప్లేటు ఉన్నా ఎక్స్‌రేకీ సీటీకీ సంబంధం లేదు. ఎంఆర్‌ఐ సంగతి వేరు. ఆ అయస్కాంతం స్కాన్ లేనప్పుడు కూడా ఆన్‌లోనే ఉంటుంది. అందుకే పేషెంట్లతో పాటు స్టాఫ్‌ని కూడా ఒంట్లో ఏమేం లోహాలున్నాయో అడిగి ఫారం నింపిస్తారు. పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో పాతకాలం క్లిప్పు, కంట్లో పడిన ఇనుప రజను, వీటితోనే అసలు ప్రమాదం. ఎముకకి స్క్రూలతో బిగించిన ప్లేటు మామూలుగా ఇబ్బంది పెట్టదు. అయినా ఆపరేషన్ డిశ్చార్జి కాగితం వెతికి దాచు, రేపు ఎవరైనా ఏ లోహమని అడిగితే చూపించడానికి.

మీ అత్తయ్య మాటకి వస్తా. ఎక్స్‌రే గది అంటే ఎప్పుడూ కిరణాలు నిండి ఉంటాయని ఆమె అనుకుంటూ ఉండాలి. బటన్ నొక్కిన ఆ క్షణమే కిరణం. వదిలేస్తే ఆగిపోతుంది, గదిలో ఏమీ మిగలదు. ఆ క్షణంలో నువ్వుండేది గోడ అవతలో, సీసపు అద్దం వెనకో. ఏఈఆర్‌బీ అనే కేంద్ర సంస్థ దీనికి లెక్కలు పెట్టింది. టెక్నీషియన్‌కి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఎవరూ ఏ ఆసుపత్రికీ వెళ్లకపోయినా నేల నుంచీ ఆకాశం నుంచీ మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 దాకా వస్తూనే ఉంటుంది. పద్ధతిగా చేసే మామూలు ఎక్స్‌రే టెక్నీషియన్‌కి పై హద్దు దరిదాపుల్లోకి కూడా రాదు. నీకు 17 అన్నావు కాబట్టి ఇది కూడా విను. 18 నిండనిదే రేడియేషన్ ఉద్యోగంలో పెట్టుకోకూడదు. 16 నిండితే శిక్షణ తీసుకోవచ్చు, కానీ హద్దు ఏడాదికి 6 మాత్రమే.

ఈ లెక్క చూడటానికే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఇస్తారు. ఛాతీ మీద, లెడ్ ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి తీసుకెళ్లి చదివి రిపోర్టు పంపుతారు. దాన్ని డ్యూటీ రూంలో మేకుకి తగిలించి పనిచేసేవాళ్లున్నారు. ఏడాది పొడవునా సున్నా వస్తుంది మరి, మేకుకి రేడియేషన్ తగలదు కదా. అలాంటి సీనియర్ తగిలితే ఆయన దగ్గర పని నేర్చుకో, ఆ అలవాటు మాత్రం వద్దు.

ఏప్రాన్ బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. ఎక్స్‌రే గదిలో దానితో పెద్ద పని ఉండదు. క్యాథ్ ల్యాబ్‌లో (గుండె రక్తనాళాలు చూసే గది), ఆర్థో థియేటర్లో సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపించే మెషీన్) దగ్గర గంటలకొద్దీ వేసుకోవాలి. నీ శరీరానికి కాస్త కష్టమనిపించేది అదొక్కటే. నడుముకీ భుజానికీ బరువు పంచేలా స్కర్టు, పైకోటు విడివిడిగా వచ్చే రకం ఉంటుంది, అది అడిగి తీసుకో.

సీటీ_కన్సోల్

చెల్లీ, పాతకాపు గారు చెప్పినదానికి ఆడపిల్లగా నేను కొంచెం కలుపుతాను. నేను హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో చేస్తున్నా. పెళ్లయింది, బాబు స్కూలుకి వెళ్తున్నాడు. మీ అమ్మగారికి ముందు ఈ ముక్క చెప్పు.

ప్రెగ్నెన్సీ తెలియగానే నేను హెచ్‌ఓడీకి కాగితం మీద రాసిచ్చాను. అప్పటికి క్యాథ్ ల్యాబ్‌లో ఉన్నా, వారం తిరక్కముందే సీటీ కన్సోల్‌కి (మెషీన్ నడిపే బయటి గదికి) మార్చారు. గర్భం తెలిసినప్పటి నుంచి కాన్పు దాకా కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని రూల్. అందుకే నోటి మాటతో సరిపెట్టకుండా రాసివ్వాలి. చెప్పకుండా దాచుకుంటే డ్యూటీ ఎవరూ మార్చరు. చెప్తే ఉద్యోగం తీసేస్తారేమోనని కొంతమంది దాస్తారు. తీసేయడానికి లేదు, పని మార్చాలి అంతే.

నిజంగా ఈ ఉద్యోగంలో కావలసింది నోరు. నోరంటే గట్టిగా అరవడం కాదు. ఒకసారి కొత్తగా పెళ్లయిన అమ్మాయి కడుపునొప్పితో ఎక్స్‌రేకి వచ్చింది. పక్కన అత్తగారు. పొట్టకి ఎక్స్‌రే తీసేముందు నెలసరి ఎప్పుడొచ్చిందో, గర్భం అనుమానం ఉందో అడగాలి. అత్తగారి ముందు ఆ పిల్ల ఏం చెబుతుంది? "ఏమీ లేదండీ" అని తల దించుకుంది. "అమ్మా, గాజులూ గొలుసూ తీయాలి, నేను తీయిస్తా, మీరు బయట కూర్చోండి" అని పెద్దావిడని పంపించి, తలుపేసి మళ్లీ అడిగాను. అప్పుడు చెప్పింది, పది రోజులు దాటిందని. వెంటనే డాక్టరుకి ఫోన్ చేశా. ఎక్స్‌రే ఆపి ముందు యూరిన్ టెస్ట్ చేయించారు. ఇలాంటిది మగ టెక్నీషియన్ అడిగితే ఇంకా కష్టం. అందుకే జిల్లాల్లో ఆడ టెక్నీషియన్లు కావాలని డాక్టర్లే అడుగుతారు.

పిల్లల్ని పట్టుకోవడం కూడా మన పని కాదు. ఏడ్చే పసివాడిని వాళ్ల నాన్నకి ఏప్రాన్ వేయించి పట్టుకోమనాలి. రోజూ మనమే పట్టుకుంటే ఆ డోసంతా మనకే.

హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా? లేకపోతే కాలేజీలో చేరేలోపే మొదలుపెట్టు. మూడు డోసులు, మొత్తం ఆరు నెలలు పడుతుంది. క్యాజువాలిటీలో రక్తం తగలని రోజుండదు.

గుంటూరు_నాన్న

మా పెద్దవాడిని డీఎంఐటీలో (ఎక్స్‌రే, స్కానింగ్ పనుల డిప్లొమా) చేర్చిన తండ్రిని. కాలేజీ పేరు చెప్పను, గొడవ ఇంకా నడుస్తోంది. ఫీజు మొత్తం ముందే కట్టించుకున్నారు. ల్యాబ్ చూపిస్తామని తీసుకెళ్లి తాళం వేసిన గది చూపించారు, లోపల మెషీన్ ఉందన్నారు. చేరాక తెలిసింది, ఉన్నది ఫ్యూజు పీకేసిన పాత మెషీన్. క్లినికల్స్‌కి, అంటే పేషెంట్ల మీద ప్రాక్టీసుకి, పంపుతామన్న ఆసుపత్రిలో వీళ్లని లోపలికే రానివ్వలేదు. రెండేళ్లలో మావాడు చేత్తో తీసిన ఎక్స్‌రేలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అమ్మా, చేరే ముందు నువ్వే వెళ్లి చూడు. పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న కాలేజీల జాబితాలో పేరుందా, ఆ ఏడాదికి రెన్యూవల్ ఉందా అని అడుగు. ఏ ఆసుపత్రికి పంపుతారో రాతపూర్వకంగా తీసుకో. ఆ ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే గది బయట కూర్చుంటే చాలు, స్టూడెంట్లు కనపడతారో లేదో తెలిసిపోతుంది. ఏఈఆర్‌బీ లైసెన్సు గోడ మీద ఉందో లేదో కూడా చూడు.

లీడ్స్_తెలుగు

డిప్లొమానా బీఎస్సీనా అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. నేను తిరుపతిలో చదివి, గల్ఫ్‌లో చేసి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉన్నా.

ఊళ్లో, జిల్లాలో ఉద్యోగం త్వరగా కావాలంటే డీఎంఐటీ చాలు, రెండేళ్లు. బయటి దేశాల ఆలోచన ఏ మూలనున్నా బీఎస్సీ చెయ్, మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆంధ్రలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో కాళోజీ యూనివర్సిటీ కింద కాలేజీలున్నాయి, తిరుపతి స్విమ్స్‌లో, హైదరాబాద్ నిమ్స్‌లో నేరుగా సీట్లుంటాయి. 2021లో కేంద్రం అలైడ్ హెల్త్ ప్రొఫెషన్స్ చట్టం తెచ్చింది. డిప్లొమా స్థాయికి కనీసం 2,000 గంటలు, డిగ్రీ స్థాయికి కనీసం 3,600 గంటల చదువుండాలని అందులో ఉంది. కాబట్టి ఆరు నెలలు, ఏడాది సర్టిఫికెట్లు పట్టుకుని "నేనూ టెక్నీషియన్నే" అనే రోజులు పోతున్నాయి.

ఇక్కడ రేడియోగ్రాఫర్ అని పేరు పెట్టుకోవాలంటేనే హెచ్‌సీపీసీ అనే ఇక్కడి నియంత్రణ సంస్థలో రిజిస్ట్రేషన్ కావాలి, లేకుండా వాడుకుంటే నేరం. వాళ్లు నీ సిలబస్‌ని గంటలతో సహా అడుగుతారు. నా కాలేజీ నుంచి ఆ కాగితాలు తెప్పించడానికి తాతలు దిగొచ్చారు. చదువు ఇంగ్లిష్‌లోనే అయినా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 7, ఏ విభాగంలోనూ 6.5కి తగ్గకుండా రావాలి. శరీరం గురించి అడిగావు కాబట్టి: ఇక్కడ ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్లు టీకాలు, నడుము, వినికిడి, అన్నీ అడుగుతారు. ఎవరినీ కాదనడానికని కాదు, ఎత్తు సరిపోకపోతే టేబుల్ కిందికి దించి ఇవ్వడానికి. రెగ్యులర్‌గా పేషెంట్ మూవింగ్ ట్రైనింగ్ ఉంటుంది, అది తప్పించుకుంటే వార్డు వైపు కూడా పంపరు.

నీకు స్కానింగ్ మీద అంత ఇష్టముంటే ఒక సంగతి. ఇక్కడ రేడియోగ్రాఫర్లు పైచదువు చదివి అల్ట్రాసౌండ్ చేస్తారు, రిపోర్టు కూడా రాస్తారు. ఇండియాలో కుదరనిది ఇక్కడ కుదురుతుంది. చాలా దూరం మాట, ఊరికే చెప్పాను.

బైపీసీ_అమ్మాయి

అందరికీ చాలా చాలా థాంక్స్. అక్కా, మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించా. "ఆ అమ్మాయి పిల్లాడికి ఎన్నేళ్లు?" అని అడిగింది. మాట్లాడుతోంది అంటే సగం గెలిచినట్టే.

పాతకాపు సార్, ఒక్క డౌట్. పేషెంట్లు "ఏముందమ్మా, విరిగిందా?" అని అడిగితే మనం చెప్పొచ్చా? తాతయ్య అడిగితే ఆ అక్క చెప్పలేదు, నవ్వేసింది. అలాగే ఇప్పుడు కాలేజీ మొదలయ్యేలోపు నేను ఏం చదువుకోవాలి?

డార్క్‌రూమ్_పాతకాపు

చెప్పకూడదు. ఎముక రెండు ముక్కలై కళ్లెదుటే కనిపిస్తున్నా "డాక్టరుగారు చూసి చెబుతారు" అనే అనాలి. ఆమె నవ్వేసింది అంటే పని తెలిసిన మనిషే. మనం విరగలేదని చెప్పి పంపిస్తాం, లోపల సన్నటి చీలిక డాక్టరుకి కనపడుతుంది, అప్పుడు పేషెంటు ఎవరి మాట నమ్మాలి? అయితే ఫిల్మ్‌లో ఊపిరితిత్తి కూలిపోయినట్టో, పేగులోని గాలి పొట్టలోకి లీకైనట్టో కనిపిస్తే వరస ప్రకారం పంపి ఊరుకోకూడదు. పరిగెత్తి డాక్టరుకి చెప్పాలి. పేషెంటుకి చెప్పకపోవడం ఎంత ముఖ్యమో, డాక్టరుకి వెంటనే చెప్పడం అంత ముఖ్యం.

ఇప్పుడు చదవాల్సింది ఎముకలు. బైపీసీలో చదివిన 206 కాదు, ఏ ఎముక ఏ వైపు తిరిగి ఉంటుందన్నది. ఫిజిక్స్ కూడా వదలకు, బైపీసీ పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. దూరం రెట్టింపైతే కిరణం తీవ్రత నాలుగో వంతుకి పడిపోతుందన్న ఆ ఒక్క సూత్రం అర్థమైతే పోర్టబుల్ తీసేటప్పుడు రెండు మీటర్లు ఎందుకు వెనక్కి జరగమంటారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంట్లో చేసి చూడు. అద్దం ముందు ఛాతీ ఎక్స్‌రేకి నిలబడినట్టు నిలబడు. గడ్డం పైకి, చేతి వెనక భాగాలు నడుము మీద, మోచేతులు ముందుకి. వెనక రెక్కల ఎముకలు పక్కకి జారడం తెలుస్తుంది. అవి ఊపిరితిత్తుల మీద నీడ పడకూడదనే ఆ భంగిమ. ఆ తర్వాత ఆ మూడు మాటలూ మీ తాతయ్యకి అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకో. పుస్తకంలో ఉన్నట్టు చెబితే మన వైపు ముసలాళ్లు భుజాలు ఇంకా బిగబడతారు. "గట్టిగా ఊపిరి పీల్చు తాతా, బిగబట్టు, కదలొద్దు" అని చెప్పి, ఆయన వదిలేలోపు నొక్కాలి.

ఇంకొకటి. ఫిల్మ్ మీద కుడి ఎడమలు తెలిపే ఆర్, ఎల్ అని సీసపు మార్కర్లు రెండు ఉంటాయి. చేరిన మొదటి వారమే సొంతవి కొనుక్కో, వాటి మీద నీ పేరు అక్షరాలు వేయించుకో. డిపార్ట్‌మెంటువి ఎప్పుడూ ఎవరి జేబులోనో ఉంటాయి.